అందరికీ ఒకే రంగు, మరి వాటా?

మా ఊరు పరవాడ. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఒకప్పుడు నా దగ్గరకు జాకెట్లు, లంగాలు, బడి యూనిఫారాలు వచ్చేవి. ఈ ఆరేడేళ్లలో ఇంకో పని వచ్చి పడింది. కుటుంబమంతా ఒకే రంగు బట్టలు వేసుకుని ఫోటో దిగడం. తల్లికి చీర, అదే గుడ్డతో కూతురికి లంగా జాకెట్టు, తండ్రికీ కొడుక్కీ అంచు రంగుకు కలిసే కుర్తాలు, నెలల బిడ్డకి కూడా మిగిలిన ముక్కతో ఒక గౌను. పుట్టినరోజు, సీమంతం, గృహప్రవేశం, షష్టిపూర్తి - సందర్భం ఏదైనా 'మ్యాచింగ్' లేకుండా కెమెరా ముందు నిలబడేవాళ్లు తగ్గిపోయారు.

ఈ మ్యాచింగ్ వల్ల నాకు నాలుగు డబ్బులు వస్తున్నాయి. ఆ సంగతి దాచను. రంగులు కలిసి ఉంటే చూడముచ్చటగా ఉంటుందన్న మాటనూ కాదనను. అయినా ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. ఎందుకంటే రెండేళ్ల కిందట మా ఇంట్లోనే అలాంటి ఫోటో ఒకటి తీశారు. అందులో ఉన్న బట్టలన్నీ నేను కుట్టినవే. అందులో జరిగిన అన్యాయంలో నా చెయ్యి కూడా ఉంది.

మా మావయ్యగారి షష్టిపూర్తికి తీసిన ఫోటో అది. మా ఆయన ఫోనులో ఎవరిదో ఫోటో చూసి "మెరూన్ అయితే బాగుంటాది" అన్నాడు. అంతటితో మగవాళ్ల పని అయిపోయింది. గుడ్డ కోసం గాజువాక మూడుసార్లు, అనకాపల్లి ఒకసారి తిరిగింది నేనూ, మా ఆడపడుచూ. అందరి కొలతలూ తీసుకున్నాక మా అత్తను అడిగాను, "అక్కకి ఏ రంగు?" అని.

అక్క అంటే మా తోటికోడలు. మా బావగారు నాలుగేళ్ల కిందట రాత్రి డ్యూటీకి వెళ్తూ రోడ్డు మీద పోయారు. అప్పటికి అక్కకి నలభై ఏళ్లు కూడా లేవు. 

"దానికెందుకే మెరూను? లేత రంగేదో కట్టుకుంటాదిలే" అంది అత్త.

అక్క అక్కడే కూర్చుని చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే "నానెందుకే? మీరు దిగండి. నాను వంటలకాడ ఉంటాను" అంది.

నేను ఎవరికీ చెప్పకుండా ఆ మెరూన్ గుడ్డలోనే అక్కకొక జాకెట్టు కుట్టాను. కుట్టి పెట్టెలో పెట్టాను. ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు. ఫోటో రోజున ఫోటోగ్రాఫరు అబ్బాయి అత్తామావయ్యలను కుర్చీల్లో కూర్చోబెట్టాడు, కొడుకుల్ని వెనక నిలబెట్టాడు, మమ్మల్ని పక్కలకు సర్దాడు, పిల్లల్ని కింద కూర్చోబెట్టాడు. అక్క కొడుకు కూడా మెరూన్ కుర్తా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మావయ్యగారి తమ్ముడు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆయన భార్య పోయి ఆరేళ్లయింది. ఆయన ఒంటి మీద కూడా మెరూన్ కుర్తా, భుజాన జరీ కండువా. ఆయనకి లేత రంగు వెయ్యమని ఎవరూ అనలేదు. ఆయన్ని వంటలకాడ ఉండమనీ అనలేదు.

"ఇంకెవరైనా రావాలా?" అని అడిగాడు ఫోటోగ్రాఫరు. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

కొన్నాళ్లకి బడిలో 'నా కుటుంబం' అనే పాఠానికి ఫోటో తెమ్మన్నారట. అక్క కొడుకు ఆ ఫోటోనే పట్టుకెళ్లాడు. "ఇందులో మీ అమ్మ ఎవరు?" అని టీచరు అడిగితే "అమ్మ వంటింట్లో ఉంది" అన్నాడట. వాడికి ఎనిమిదేళ్లు. 

అక్కల్లారా, ఇది చిన్న విషయమని మీలో కొందరికి అనిపించవచ్చు. వరకట్నం చావులూ కూలిరేట్లూ ఉండగా బట్టల రంగుల గొడవ ఏమిటనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఆ ఫోటోను ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళ్తే మన ఇళ్లలో ఎవరి స్థానం ఏమిటో అంతా అందులోనే కనిపించింది.

చాకిరీ ఎవరిది?

ముందు పని సంగతి చూద్దాం. పదకొండు మందికి ఒకే రంగు బట్టలు కావాలంటే ఏం చెయ్యాలి? ఒకే తానులో గుడ్డ దొరకాలి. మళ్లీ కావాలంటే ఆ రంగు తేడా రావచ్చు కాబట్టి ఒకేసారి లెక్కగా కొనాలి. లైనింగు తేవాలి. నూలుదైతే తడిపి ఆరవెయ్యాలి. కొలతలు, కత్తిరింపు, కుట్టు, ఫాలు, పీకో, హుక్కులు, కాజాలు, ఇస్త్రీ. ఆ రోజున పిల్లలకు తలలు దువ్వాలి, చంటిదానికి పాలు పట్టాలి, పది మందికి టిఫిను పెట్టాలి, ఆ తర్వాత తాము చీర కట్టుకుని నవ్వుతూ నిలబడాలి. ఇందులో మగవాళ్లు చేసేది చేతులు పైకెత్తి కుర్తా తొడుక్కోవడం. అదీ "ఇంకా అవలేదా?" అని విసుక్కుంటూ.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా సమయ వినియోగ సర్వే జరిపింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు ఖర్చు పెడుతున్నారని, ఇంటిపని చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. 2024లో మళ్లీ లెక్క తీస్తే ఆడవాళ్లకు 289 నిమిషాలు, మగవాళ్లకు 88 నిమిషాలు వచ్చింది. మనకు పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే వాళ్లు తమవి తొమ్మిది తగ్గించుకున్నారు! 'మ్యాచింగ్' కోసం తిరిగిన తిరుగుడును మన ఇళ్లలో ఎవరూ పనిగా లెక్కపెట్టరు. దాన్ని "ఆడవాళ్ల సరదా" అంటారు. పరవాడలో ఫార్మా కంపెనీల్లో షిఫ్టు చేసి వచ్చే ఆడపిల్లలు ఆదివారం ఒక్కపూట సెలవు దొరికితే ఆ పూటా నా మిషను దగ్గర క్యూలో కూర్చుంటున్నారు. ఇది ఏం సరదా?

ఏ ఒంటికి ఏ రంగు?

కెమెరాకి నిజంగా కావలసింది చాలా కొంచెం. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లబట్ట వేసుకుంటే మడతలు కనిపించకుండా తెల్లగా మాసిపోతుంది. మరీ సన్నని గీతల గుడ్డ డిజిటల్ ఫోటోలో అలల్లాగా కనిపిస్తుంది. పచ్చని చెట్ల ముందు పచ్చచీర కలిసిపోతుంది. ఒకరు పువ్వుల గుడ్డ వేసుకుంటే మిగతావాళ్లు సాదా గుడ్డ వేసుకుంటే కంటికి హాయిగా ఉంటుంది. అంతే. ఫలానా మనిషికి ఫలానా రంగు తగదని కెమెరా ఎప్పుడూ చెప్పదు. ఆ మాట చెప్పేది మనుషులు.

నా కూతురు నల్లగా ఉంటుంది. "మెరూన్ దీనికి నప్పదు, ఇంకా నల్లగా కనపడతాది" అని ఆ రోజు నలుగురు అన్నారు. పిల్ల విన్నది. ఫోటో చేతికి వచ్చేసరికి దాని మొహం రెండు చాయలు తెల్లబడి ఉంది. "అమ్మా, ఇది నేనేనా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. 20వ శతాబ్దంలో కొన్ని దశాబ్దాల పాటు కొడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకు 'షర్లీ కార్డు' అని ఒకటి పంపేది. దాని మీద ఒక తెల్లజాతి అమ్మాయి బొమ్మ ఉండేది. ఆమె ఒంటిరంగు సరిగ్గా పడితే ఫోటో సరిగ్గా వచ్చినట్టు లెక్క. నల్లవాళ్ల మొహాలు చీకటిగా పడితే అది వాళ్ల ఒంటి తప్పు అనుకున్నారు. ఆ కార్డులు పోయాయి. మన ఫోనుల్లో ఇప్పుడు మీట నొక్కితే మొహం తెల్లబడుతోంది. బట్ట రంగు కలిసినంత మాత్రాన చాలక ఒంటి రంగు కూడా కలవాలంటున్నారు.

ఇక అక్క సంగతి. వితంతువుల పునర్వివాహానికి చట్టం 1856లో వచ్చింది. కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నూటనలభై ఏళ్లు దాటింది. పాఠ్యపుస్తకాల్లో ఆ కథ చదువుకున్న ఇళ్లలోనే ఈనాటికీ మొగుడు పోయిన మనిషికి రంగు లేదు, ఫోటోలో చోటు లేదు. ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, గుండు చేయించలేదు కదా అంటారు. నిజమే. "నానెందుకే" అని ఆమె చేతే అనిపించారు. అది మరీ సులువైన పద్ధతి. మా అత్తని తిట్టడానికి నేనిది రాయడం లేదు. ఆమెకు ఎవరు నేర్పారో, ఆమె తల్లికి ఎవరు నేర్పారో మనకు తెలుసు. పితృస్వామ్యం మగవాడి గొంతుతో మాత్రమే మాట్లాడదు. ఎక్కువసార్లు మన గొంతుతోనే మాట్లాడుతుంది. ఆ రోజు నా మౌనంతో మాట్లాడింది.

ఆడవాళ్లకు ఫోటో అన్నది ఎప్పుడూ చిన్న విషయం కాదు. హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టారు. అక్కడ ఫోటోలు తీసేది కూడా ఒక స్త్రీయే. గోడల మధ్య బతికిన ఆడవాళ్లు కూడా తమ మొహం తాము కాగితం మీద చూసుకోవాలనుకున్నారు. ఫలానా రోజున ఫలానా మనిషి ఈ ఇంట్లో ఉందని చెప్పే సాక్ష్యం ఫోటో. ఆ సాక్ష్యంలోంచి ఒక మనిషిని తీసేశామంటే, ఆమె ఈ ఇంటి మనిషి కాదని పదిమందికీ చెప్పినట్టే.

కుర్చీ ఎవరిది?

ఫోటో మధ్యలో కుర్చీ మా మావయ్యగారిది. ఆయన 'ఇంటిపెద్ద'. మరి మా ఇంట్లో బియ్యం ఎవరి పేరున వస్తాయి? 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం 13వ సెక్షను, రేషను కార్డు విషయంలో ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో అందరికన్నా పెద్దామెనే కుటుంబ యజమానిగా గుర్తించాలంటోంది. అంటే చట్టం లెక్కలో మా ఇంటిపెద్ద మా అత్త. ఈ మాట చెబితే అత్త నవ్వి కొట్టిపారేసింది. ఇన్నేళ్లు ఆ ఇంటిని నడిపిన మనిషికి తాను ఇంటిపెద్దనంటే నవ్వొచ్చింది! 

వాటా మాటకొస్తే

అసలు సంగతి ఆరు నెలల కిందట బయటపడింది. మాది పూర్వీకుల నుంచి వచ్చిన ఉమ్మడి భూమి. ఒక ప్రాజెక్టుకు పోయింది పోగా మిగిలిన చెక్కా, ఒక ఇంటి స్థలమూ పంచుకుందామని పెద్దమనుషులు కూర్చున్నారు. వెనక గోడ మీద ఆ మెరూన్ ఫోటో వేలాడుతోంది. "పెద్దోడి వాటా ఆడి కొడుక్కి రాద్దాం, పెద్దయినాక తీసుకుంటాడు" అన్నారు. పిల్లవాడి పేరు వచ్చింది. తల్లి పేరు రాలేదు. ఫోటోలో ఎలా ఉందో మాటల్లోనూ అలాగే ఉంది. అక్క ఆ పూటా లోపల టీ కాస్తోంది.

మా ఆడపడుచు ఆ రోజు "మరి నాకు?" అని మెల్లగా అడిగింది. "షష్టిపూర్తికి పట్టుసీర పెట్టినాం కదేటి, ఇంకేటి కావాలి?" అన్నారు. ఆ మెరూన్ చీరే! ఫోటో కోసం పెట్టిన చీర వాటాకి రసీదు అయిపోయింది. పసుపు కుంకుమ కింద చీర పెట్టి ఆడపిల్ల నోరు మూయించడం మనకు కొత్త కాదు. ఇప్పుడు దానికి మ్యాచింగ్ కూడా తోడైంది.

చట్టం ఏం చెబుతోందో మనమైనా తెలుసుకుందాం. ఉమ్మడి ఆస్తిలో హక్కున్న మగవాడు చనిపోతే, ఆయన చనిపోవడానికి ముందే పంపకం జరిగినట్టు భావించి ఆయన వాటా ఎంతో లెక్క కట్టాలి. వీలునామా లేకపోతే ఆ వాటా భార్యకు, పిల్లలకు, తల్లికి సమానంగా చెందుతుంది. 1956 హిందూ వారసత్వ చట్టంలో భార్య మొదటి తరగతి వారసురాలు. అంతే కాదు, మామగారి కన్నా ముందు కొడుకు చనిపోతే ఆ కోడలు మామగారి సొంత ఆస్తికి కూడా మొదటి తరగతి వారసుల్లో ఒకరు. అలా వచ్చిన ఆస్తి మీద ఆమెకు పూర్తి హక్కు ఉంటుందని అదే చట్టం 14వ సెక్షను చెబుతోంది. అంటే ఫోటోలో వరసకే పనికిరాని మనిషిని చట్టం మొదటి వరసలో కూర్చోబెట్టింది.

కూతుళ్ల సంగతి కూడా చూడండి. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. అయితే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కానివాళ్లకే అది వర్తించింది. 2005 కేంద్ర సవరణ పెళ్లి అయిందా లేదా అన్న తేడా తీసేసింది. తండ్రి ఆ సవరణ నాటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పని లేదని, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని చట్టాలు వచ్చినా మన పెద్దమనుషుల కచేరీకి ఒక్కటీ వచ్చి చేరలేదు. పట్టుచీర మాత్రం వచ్చింది.

నేను ఆ రోజు లేచి ఈ మాటలు చెప్పాను. చేతులు వణికాయి. "కుట్టుపని చేసుకునేదానివి, నీకెందుకు కోర్టు మాటలు" అన్నారు. పంపకం ఆగింది. అక్క పేరు ఇంకా కాగితం మీద పడలేదు. పడేదాకా సంతకాలు జరగవని మా ఆయనకు చెప్పాను. ఆయన మొహం తిప్పుకుంటున్నాడు. అయినా అన్న ఉసురు తగులుతుందేమోనన్న భయం ఆయనకూ లేకపోలేదు.

మనం ఏం చేద్దాం?

ఫోటోలు మానేద్దామని నేను అనడం లేదు. రంగులు మానేద్దామని అసలే అనను. నేను అడిగేది కొన్ని మాటలే. 

గుడ్డ కొనే ముందు ఇంటి మనుషుల జాబితా రాయండి. మొగుడు పోయిన మనిషి, మొగుణ్ణి వదిలి వచ్చిన మనిషి, కులం కాని పెళ్లి చేసుకున్న పిల్ల - అందరి పేర్లూ అందులో ఉన్నాకే రంగు మాట్లాడండి. కట్టుకునే మనిషే తన రంగు చెప్పాలి, పిల్లలైనా సరే. బజారు తిరగడం, ఇస్త్రీ చెయ్యడం, పిల్లలకు తొడగడం మగవాళ్లు పంచుకోవాలి. మొహాలు తెల్లబరచవద్దని ఫోటోగ్రాఫరుకి ముందే చెప్పాలి. ఇక ఆఖరిది. అందరూ ఒకచోట చేరిన ఆ రోజునే ఇంట్లో ఉన్న కాగితాలు బయటికి తియ్యండి. రేషను కార్డు, పాసుపుస్తకం, ఇంటి పట్టా, పెళ్లి రిజిస్ట్రేషను పత్రం. మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టరు చేయించడం తప్పనిసరి, చాలామంది చేయించలేదు. ఆ కాగితాల్లో ఎవరి పేర్లున్నాయో, ఎవరివి లేవో పైకి చదవండి. బట్టలు కలిశాయో లేదో చూసుకున్నంత శ్రద్ధగా పేర్లు కలిశాయో లేదో చూసుకోండి.

నా వంతుగా నేను ఒక నియమం పెట్టుకున్నాను. కుటుంబం బట్టలు కుట్టమని వచ్చినవాళ్లని "ఇంట్లో ఎంతమంది?" అని అడుగుతున్నాను. కొలతల పుస్తకంలో లెక్క తగ్గితే "ఇంకొకరు ఏరి?" అంటున్నాను. ఇద్దరు ముగ్గురు కోపగించుకుని గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. ఒకామె మాత్రం మర్నాడు వాళ్ల అత్తను వెంటబెట్టుకుని వచ్చింది, కొలతకి. ఆ పెద్దామె మొగుడు పోయి పదహారేళ్లట.

మొన్న సంక్రాంతికి మేము ముత్యాలమ్మపాలెం సముద్రం ఒడ్డుకి వెళ్లి మళ్లీ ఫోటో దిగాం. ఈసారి ఎవరికి నచ్చింది వాళ్లు కట్టుకున్నాం. నా కూతురు మెరూన్ వేసుకుంది. పెట్టెలో ఉన్న జాకెట్టు తీసి అక్కకిచ్చాను. రెండేళ్లలో కాస్త బిగుతైతే కుట్లు విప్పి వదులు చేశాను. అక్క దాని మీద ఆకుపచ్చ చీర కట్టింది. అత్త ఏమీ అనలేదు. తన పక్కన కొంచెం జరిగి చోటిచ్చింది.

రంగులు ఒక్కటీ కలవలేదు. మనుషులు మాత్రం అందరూ ఉన్నారు. పిల్లవాడు దాన్ని బడికి పట్టుకెళ్లాడు. గోడ మీది మెరూన్ ఫోటో తీసేసి దీన్ని పెట్టాం. పంపకం కాగితం రాసే రోజున పెద్దమనుషులు మళ్లీ ఆ గోడ కిందే కూర్చుంటారు. ఆ రోజు టీ కాయడానికి అక్క లోపలికి వెళ్లదు. ఆ పని ఎవరు చేస్తారో మగవాళ్లు తేల్చుకోవాలి.